తొమ్మిదో వార్డు నీళ్ళ ఫ్లాపీ

ఎర్రవంక మునిసిపాలిటీ వెబ్‌సైటులో ఒక సోమవారం పొద్దున కమిషనర్ గారి ఫోటో ఉండాల్సిన చోట దున్నపోతు ఫోటో కనిపించింది. ఎవరో హ్యాకర్ చేసిన పని. దున్నపోతు మంచి దున్నపోతే, కొమ్ములకు రంగు కూడా వేసి ఉంది. కింద పేరు మాత్రం కమిషనర్ భుజంగరావు గారిదే ఉంచారు. మధ్యాహ్నం దాకా ఊళ్ళో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. హ్యాకర్ చేసినదాని కన్నా ఈ సంగతే ఆయనను ఎక్కువ బాధపెట్టింది.

పై ఆఫీసుకు రిపోర్టు పోయింది. పదిరోజుల్లో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. హ్యాకర్లంతా కుర్రవాళ్ళు, వాళ్ళ సగటు వయసు ఇరవై రెండు. కాబట్టి వాళ్ళు పుట్టకముందు తయారైన యంత్రంలోకి దూరడం వాళ్ళకు చేతకాదు. ఇకనుంచి ప్రజలకు చెప్పదలచుకున్న ప్రతి మాటా ముప్పై అయిదేళ్ళు దాటిన కంప్యూటరు మీదే పెట్టాలి. వాట్సాప్ గ్రూపులు, మైకులు, గోడ మీద కాగితాలు, అన్నీ అనధికార సమాచారం కింద లెక్క. ఉద్యోగి ఎవరైనా అధికార సమాచారాన్ని నోటితో చెప్పినా సస్పెన్షన్ తప్పదు.

ఆ దెబ్బ అందరికన్నా గట్టిగా తగిలింది తొమ్మిదో వార్డుకు. ఆ వార్డులో కుళాయి ఆరు రోజులకొకసారి వస్తుంది, వచ్చిందంటే ఇరవై నిమిషాలు ఉంటుంది. ఆరో రోజున ఏ గంటకు వస్తుందో ట్యాంకు నిండేదాన్ని బట్టి ఉంటుంది. వాల్వు తిప్పే నడిపెన్న మంచివాడు. ట్యాంకు నిండబోతుంటే ముందుగానే వాట్సాపులో ఒక ముక్క పెట్టేవాడు. అది చూసుకొని ఆడవాళ్ళు పనుల నుంచి వచ్చి బిందెలు పెట్టుకునేవాళ్ళు. ఉత్తర్వు వచ్చాక నడిపెన్న ఫోను జేబులో పెట్టి, నోరు కూడా మూసుకున్నాడు. దారిలో ఎవరైనా "ఏమప్పా, నీళ్ళెప్పుడు?" అని అడిగితే ఆకాశంకేసి చూసి పోయేవాడు.

ఆ వార్డులోనే టీవీలు రిపేరు చేసే కుళ్ళాయప్ప ఉండేవాడు. అతని భార్య రామక్క బైపాస్ రోడ్డు అవతల వేరుశనగ మిల్లులో పప్పు ఏరే పనికి పోయేది. నీళ్ళ వేళ తెలియక ఆమె రెండుసార్లు రోజంతా ఇంట్లోనే కూర్చుంది. రెండోసారి తర్వాత మిల్లు మేస్త్రీ పిలిచి, మూడోసారి మానేస్తే ఇక రానవసరం లేదని చెప్పాడు. ఆ మాట అతను కోపంగా చెప్పలేదు, అందుకే రామక్కకు భయం వేసింది. పోనీ కుళ్ళాయప్ప బిందెలు పడతాడా అంటే, అతనికి హెర్నియా ఆపరేషన్ అయి రెండు నెలలు. ఆరు నెలల దాకా నిండు బిందె ఎత్తకూడదని డాక్టరు చెప్పాడు. ఖాళీ బిందె ఎత్తకూడదని చెప్పలేదు కానీ, కుళ్ళాయప్ప అది కూడా ఎత్తేవాడు కాదు.

పనికి పోతే నీళ్ళు లేవు, నీళ్ళకుంటే పని లేదు. రామక్క బతుకు ఇక్కడ వచ్చి ఆగింది.

అప్పుడే మునిసిపల్ ఆఫీసు మేనేజర్ పీరాన్ సాహెబ్ కుళ్ళాయప్ప షాపు మెట్లెక్కాడు. ఊళ్ళో ముప్పై అయిదేళ్ళు దాటిన కంప్యూటరు ఎక్కడుందని వాకబు చేస్తే అందరూ ఆ షాపే చూపించారు. కుళ్ళాయప్ప దగ్గర అలాంటివి రెండున్నాయి. చూడ్డానికి ఉత్త కీబోర్డులే, కాకపోతే ఇటుకంత మందం. టీవీకి తగిలిస్తే పనిచేస్తాయి. వయసులో ఉన్నప్పుడు అతను వాటితో ఒక బోర్డు నడిపాడు. బోర్డంటే పెద్ద విద్యేమీ కాదు. ఒక యంత్రంలో ఫ్లాపీ, అంటే రాసింది దాచుకునే పలచటి అట్టలాంటి డిస్కు, ఉంటుంది, ఆ ఫ్లాపీలో నాలుగు కబుర్లు రాసి పెడతారు. రెండో యంత్రం వాడు టెలిఫోను తీగ మీద దానికి ఫోన్ చేస్తే, ఆ కబుర్లు ఒక్కో అక్షరమే నడుచుకుంటూ వచ్చి వాడి టీవీలో కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఊళ్ళో అలా ఫోన్ చేసేవాళ్ళు కుళ్ళాయప్పతో కలిపి ఇద్దరు.

యంత్రాలు ఇస్తానని కుళ్ళాయప్ప ఒప్పుకున్నాడు. ఒకటి ఆఫీసులో, రెండోది తన షాపులో ఉండేట్టు మాట్లాడుకున్నారు. ఒక్క షరతు పెట్టాడు. దానికోసం కమిషనర్ గారి దాకా పోయాడు.

"సార్, నాకేం వద్దు. తొమ్మిదో వార్డుకు నీళ్ళెప్పుడొస్తాయో ఒక్క లైను రాపియ్యండి. అంతే."

భుజంగరావు గారు కుర్చీలో వెనక్కి వాలి, ఆ కోరిక న్యాయమైనదేనని, అది సానుభూతితో పరిశీలించబడుతుందని, అయితే ముందుగా నిల్వ సామర్థ్య ప్రణాళిక లేకుండా ఏ సమాచారమూ నిల్వ చేయడం కుదరదని సెలవిచ్చారు. మరునాడే డిస్కు నిల్వ ప్రణాళికా ఉపసంఘం ఏర్పడింది. కమిషనర్ గారు అధ్యక్షులు, పీరాన్ సాహెబ్ కార్యదర్శి, కుళ్ళాయప్ప సాంకేతిక ఆహ్వానితుడు. ఆహ్వానితుడంటే కుర్చీ ఉంటుంది, టీ ఉండదు.

మొదటి సమావేశంలో కుళ్ళాయప్ప లెక్క చెప్పాడు. అతని దగ్గర చాలా ఫ్లాపీలుండేవి గానీ అన్నీ బూజు పట్టిపోయి ఒక్కటే మిగిలింది. దాంట్లో నూట డెబ్బై పేజీలు పడతాయి. పేజీ అంటే టీవీ తెర నిండా ఒకసారి. బోర్డు నడిపే ప్రోగ్రాముకు ఆరు పేజీలు పోను, మిగిలింది నూట అరవై నాలుగు. ఊళ్ళో ముప్పై ఆరు వార్డులు. వార్డుకొక లైను రాసినా రెండు పేజీల్లో అయిపోతుంది. ఇంకా నూట అరవై రెండు పేజీలు ఖాళీ ఉంటాయి, పదేళ్ళకు సరిపోతుంది. ఇదంతా అతను ఒక సిగరెట్ పెట్టె అట్ట వెనకాల రాసుకొచ్చాడు. ఉపసంఘం ఆ అట్టను ఫైలులో పెట్టింది.

సమావేశం పది నిమిషాల్లో ముగిసేదే. కానీ పీరాన్ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. మేనేజరుగా ఆయనకు ఒకే ఒక్క భయముంది, అది ప్రోటోకాల్. నాలుగేళ్ళ కిందట ఊళ్ళో బస్ షెల్టర్ కట్టి, శిలాఫలకంలో వైస్ చైర్మన్ పేరు ఒక కౌన్సిలర్ పేరు కింద చెక్కించారు. రాయి తెరిచిన రోజే గొడవైంది. అప్పటి కమిషనర్‌ను అడవి అంచున ఉన్న ఊరికి బదిలీ చేశారు. షెల్టరుకు గోనెపట్టా చుట్టారు. ఇప్పటికీ అది గోనెపట్టాలోనే ఉంది, ప్రయాణికులు దాని పక్కన ఎండలో నిలబడతారు.

"సార్, ప్రజలకు చేసే ప్రతి సౌకర్యానికీ శిలాఫలకం ఉండాల. ఇదీ సౌకర్యమే కదా. పేర్లు లేకుండా నీళ్ళ కబురు పెడితే, రేపు ఎవరన్నా అడిగితే నేనేం జవాబు చెప్పల్ల?"

భుజంగరావు గారికి అడవి అంచున ఉన్న ఊరు కళ్ళముందు కనిపించి ఉండాలి. సదరు విషయం అత్యంత కీలకమైనదని, నీళ్ళ ప్రకటనకు ముందుగా శిలాఫలకం విధిగా ఉండవలసినదని తీర్మానించారు.

కుళ్ళాయప్ప దానికీ సరేనన్నాడు. ఒక పేజీలో ఇరవై అయిదు లైన్లుంటాయి, పేర్లన్నీ ఒక పేజీలోనో రెండు పేజీల్లోనో రాసేస్తే సరిపోతుందని అతని ఆలోచన.

పేర్ల జాబితా కౌన్సిలు ముందుకు పోయింది. ఎంపీ గారి నుంచి వైస్ చైర్మన్ గారి దాకా అయిదుగురు పెద్దల విషయంలో పేచీ లేదు. ముప్పై ఆరు మంది కౌన్సిలర్ల దగ్గర చిక్కొచ్చింది. వార్డు నంబరు ప్రకారం రాస్తే ముప్పై ఆరో వార్డు వాళ్ళు ఒప్పుకోలేదు. అక్షరాల ప్రకారం రాస్తే యాదగిరి అనే కౌన్సిలర్ తన పేరును ఆఖరున పెట్టడం కోసమే అక్షరాలను ఈ వరసలో పెట్టారని ఆరోపించాడు. వయసు ప్రకారం అంటే ఆడ కౌన్సిలర్లు వయసు చెప్పలేదు, మగవాళ్ళు చెప్పింది ఎవరూ నమ్మలేదు. మూడు సమావేశాలు దాని మీదే జరిగాయి. నాలుగో సమావేశంలో పీరాన్ సాహెబ్‌కే దారి దొరికింది. ఒకరి కింద ఒకరు ఉంటేనే కదా గొడవ. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ ఇచ్చేస్తే ప్రతివాడి పేరూ పై లైనులోనే ఉంటుంది, పైన ఎవరూ ఉండరు, కింద ఎవరూ ఉండరు.

కౌన్సిలు బల్లలు చరిచి ఆమోదించింది. పెద్దలకు అయిదు పేజీలు, కౌన్సిలర్లకు ముప్పై ఆరు. మొత్తం నలభై ఒకటి. పేరు రాశాక పేజీలో మిగిలిన ఖాళీ ఖాళీగా ఉంటే దరిద్రంగా ఉంటుందని, దాన్నంతా చుక్కల ముగ్గుతో నింపాలని ఒక సవరణ కూడా పెట్టారు.

ఇప్పుడు లెక్క తిరగబడింది. ఒక్క వార్డు కబురు పెట్టాలంటే నలభై ఒక్క పేజీల పేర్లు, ఒక పేజీ కబురు. అలా అయితే ఫ్లాపీలో మూడు వార్డులు పడతాయి, నాలుగో వార్డు కబురు దాకా రాకుండానే తెగుతుంది. ఒకే శిలాఫలకం అన్ని వార్డులకూ వాడుకుందామని కుళ్ళాయప్ప అన్నాడు. ఒకే రాయి తీసుకొని ఊరంతా తిరిగి ప్రారంభోత్సవాలు చేస్తామా అని పీరాన్ సాహెబ్ అడిగాడు.

అయినా ఉండబట్టలేక ఇంకో ఉపాయం చెప్పాడు. పాతరోజుల్లో జాగా చాలకపోతే వాళ్ళు ఫ్లాపీ అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, దాన్ని దోసె తిప్పినట్టు తిప్పి, వెనక వైపు కూడా వాడుకునేవాళ్ళు. అలా చేస్తే జాగా రెట్టింపవుతుంది. ఉపసంఘం ఉలిక్కిపడింది. ఇన్నాళ్ళూ వెనక వైపు ఉందన్న సంగతి తమ దృష్టికి ఎందుకు తీసుకురాలేదని కమిషనర్ గారు లిఖితపూర్వకంగా అడిగారు. తర్వాత వెనక వైపు ఎవరి పేర్లు వేయాలన్న ప్రశ్న వచ్చింది. ముప్పై ఆరు మందిలో ఒక్కడు కూడా వెనక్కి పోతానని అనలేదు. ప్రతిపక్షం వాళ్ళను వెనక్కి నెట్టడానికే ఈ కుట్ర అని ఆ పక్షం నలుగురూ లేచి వెళ్ళిపోయారు. వాళ్ళను వెనక్కి పిలవడానికి వీలుగా అత్యవసర తీర్మానం చేశారు: సదరు ఫ్లాపీకి వెనక వైపు లేనట్టుగా భావించవలెను.

చివరికి కుళ్ళాయప్ప షరతు ఉంది కాబట్టి ప్రయోగాత్మకంగా తొమ్మిదో వార్డు ఒక్కటే చేపట్టాలని నిర్ణయమైంది. మిగతా ముప్పై అయిదు వార్డులకు రెండో దశలో అని రాశారు. రెండో దశ ఎప్పుడో రాయలేదు.

ఇంజనీరు ఒక మెలిక పెట్టాడు. నీళ్ళు ఫలానా గంటకు ఇస్తామని ముందే రాస్తే, ఇవ్వలేకపోతే తన మెడకు చుట్టుకుంటుంది. అందువల్ల వాల్వు తిప్పిన తర్వాతే కబురు పంపాలి, అదీ 'నీళ్ళు వదలడమైనది' అని. అందరూ అది బాధ్యతాయుతమైన మాట అన్నారు.

ఇక మొదటి రోజు. కుళ్ళాయప్ప షాపులో టీవీకి పూలదండ వేశారు. వార్డులో ఇంటిపట్టునున్న వాళ్ళంతా వచ్చి కింద కూర్చున్నారు. రామక్క మాత్రం మిల్లుకు పోయింది. కబురు రాగానే ఫోన్ చేస్తానని కుళ్ళాయప్ప మాటిచ్చాడు.

సరిగ్గా పదిగంటలకు నడిపెన్న వాల్వు తిప్పాడు. ఆఫీసులో పీరాన్ సాహెబ్ మీట నొక్కాడు. షాపులో టీవీ తెర మీద ఎంపీ గారి పేరు ఒక్కో అక్షరం నడిచొచ్చింది. ఆయన వెంట చుక్కలు వచ్చాయి. పాత యంత్రం, పాత తీగ, ఒక పేజీ నిండడానికి ముప్పై మూడు సెకన్లు. ఎవరూ దాన్ని నలభై ఒకటితో హెచ్చవేసి చూసుకోలేదు. పదిహేడో వార్డు కౌన్సిలర్ గారి చుక్కలు వస్తుండగా వీధిలో ఎవరింట్లోనో నీళ్ళ చప్పుడైంది. లేచి పోదామా అంటే కమిషనర్ గారు వెనకాలే నిలబడి ఉన్నారు. పది ఇరవైకి నీళ్ళు ఆగిపోయాయి. పది ఇరవై రెండున్నరకు యాదగిరి గారి చుక్కలు ముగిసి, తెర మీద నీళ్ళు వదలడమైనది అని వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు కొట్టింది కమిషనర్ గారు కాబట్టి మిగతావాళ్ళు కూడా కొట్టారు.

రామక్క వచ్చేసరికి పన్నెండయింది. ముందు ఉన్న పప్పు కుప్ప ఏరడం ముగించకుండా మిల్లులో లేవనివ్వరు, దానికి అర్ధగంట. తర్వాత బైపాస్ మీంచి ఎండలో గంట నడక. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. కుప్ప ముగించాక పోతే పోనిస్తానని మేస్త్రీ అన్నాడట. కుప్ప ముగించకుండా లేస్తే మాత్రం మళ్ళీ రావద్దన్నాడట.

"పేర్లు తిని బతకమన్నారా మీ ఆఫీసోళ్ళు?" అని మాత్రం అడిగింది.

కుళ్ళాయప్ప అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద విచారణ జరిగింది. విచారణాధికారి కమిషనర్ గారే. ప్రకటన నిర్ణీత పద్ధతిలోనే వెలువడిందని, శిలాఫలకంలో ఏ దోషమూ లేదని, తప్పంతా నీళ్ళదేనని తేలింది. ప్రకటన పూర్తి కాకముందే నీళ్ళు కుళాయిలోకి వచ్చాయి. అంటే అవి అనధికార నీళ్ళు. ఇకపై బోర్డు మీద ఆఖరి పేజీ ముగిసిన తర్వాతే వాల్వు తిప్పాలి. నడిపెన్న షాపులోనే నిలబడి, ఆఖరి చుక్క పడిందాకా చూసి, రిజిస్టరులో సంతకం చేసి, వీధి మలుపులో ఉన్న వాల్వు దగ్గరికి పోవాలి.

కాగితం చదివి నడిపెన్న చాలాసేపు తల గోక్కున్నాడు.

"అన్నా, ఇంతకు ముందు వాల్వు తిప్పితే నీళ్ళొస్తాండె. ఇప్పుడు యాదగిరి అయిపోతే వస్తాయా?" అని కుళ్ళాయప్పను అడిగాడు.

కుళ్ళాయప్పకు ఆ మాట బుర్రలో గుచ్చుకుంది. ఆరు రోజుల తర్వాత తెర మీద ఎంపీ గారి పేరు మొదలు కాగానే రామక్కకు ఫోన్ చేశాడు. నీళ్ళ సంగతి చెప్పలేదు, ఉపసంఘంలో ఉన్నవాడు ప్రకటన ముగియకముందే చెప్పకూడదు. ఎంపీ గారు వచ్చారని మాత్రం చెప్పాడు. రామక్కకు అర్థమైంది. కానీ ఇరవై రెండున్నర నిమిషాల్లో కుప్ప కూడా పూర్తి కాలేదు. కుప్ప ముగించకుండా లేస్తే పనే వదులుకున్నట్టు. ఆమె లేవలేదు. ఆ ఆరు రోజులూ ఎనిమిదో వార్డు వాళ్ళను బతిమాలి తెచ్చుకున్న నీళ్ళతో గడిచాయి. ఎనిమిదో వార్డు వాళ్ళు మూడో బిందెకే మొహం తిప్పుకున్నారు.

ఒక సాయంత్రం రామక్క చేటలో బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి అడిగింది.

"ఏమయ్యా, ఒక్కో పేరుకు ఎంతసేపు పడతాది?"

"ముప్పై మూడు సెకన్లు."

"నాకు అర్ధగంట కుప్పకు, గంట నడకకు. గంటన్నరకు ఎన్ని పేర్లు గావల్ల?"

కుళ్ళాయప్ప ఇంకో సిగరెట్ పెట్టె చింపి అట్ట వెనక లెక్క వేశాడు. నూట అరవై నాలుగు. ఇప్పుడున్నవి నలభై ఒకటి. ఇంకా నూట ఇరవై మూడు కావాలి. ఆ సంఖ్య చూసి అతను నవ్వాడు. ఎక్కడి నుంచి తెస్తావు అన్నాడు, కౌన్సిలర్ల తాతముత్తాతలను కూడా కలుపుతావా అన్నాడు.

రామక్క నవ్వలేదు. చేట కింద పెట్టి వీధిలోకి పోయింది. ఆ వార్డులో కుళాయిలు నూట ముప్పై ఒకటి, కుళాయికొక పేరు. ఎక్కువమంది ఆడవాళ్ళు ఆ మిల్లుకే పోతారు, అందరిదీ అదే కుప్ప, అదే నడక. ఎనిమిది ఇళ్ళు తగ్గించుకోవాలి. ఇంటిపట్టునే ఉండే ముసలివాళ్ళను అడిగితే ఏడుగురు తమ పేర్లు లేకపోయినా పర్వాలేదన్నారు. ఎనిమిదో ఆమె సుంకులమ్మ ఒప్పుకోలేదు. తన పేరు ఇంతవరకు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా పడలేదని, టీవీలో పడేట్టుంటే మొదట తనదే పడాలని పట్టుబట్టింది. చివరికి వేరింట్లో ఉండే ఆమె మనవరాలే తన పేరు వదులుకుంది. వరస గురించి వాళ్ళు కొట్టుకోలేదు. ఎవరి పేరు ముందొచ్చినా నీళ్ళు అందరికీ ఒక్కసారే వస్తాయి కదా అని రామక్క చెప్పింది, అంతటితో అయిపోయింది.

అర్జీ తీసుకొని ముప్పై మంది ఆడవాళ్ళు కమిషనర్ గారి గదికి పోయారు. ఆడవాళ్ళు గుంపుగా వస్తుంటే ఖాళీ బిందెలు తెచ్చారేమోనని భుజంగరావు గారు ముందు కిటికీలోంచి చూసుకున్నారు. బిందెలు లేవు. అర్జీ విప్పి చదివారు. రెండోసారి చదివారు. ఎర్రవంక మునిసిపాలిటీ పుట్టిన నాటి నుంచి నీళ్ళు ఎక్కువ కావాలని, కరెంటు ఎక్కువ కావాలని ప్రజలు అడిగారు గానీ, శిలాఫలకం పొడవు పెంచమని అడిగినవాళ్ళు లేరు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ప్రజల్లో వచ్చిన చైతన్యానికి నిదర్శనమమ్మా" అన్నారు.

పీరాన్ సాహెబ్‌కు మాత్రం మింగుడు పడలేదు. నీళ్ళు పట్టుకునేవాళ్ళ పేర్లు పెద్దల పక్కన వేయడానికి పూర్వపు దాఖలా ఏదీ లేదన్నాడు. కమిషనర్ గారే దాఖలా దొరకబుచ్చుకున్నారు. ఏ పథకంలోనైనా లబ్ధిదారుల జాబితా ప్రదర్శించాలని నిబంధన ఉంది. నీళ్ళు పథకం, వీళ్ళు లబ్ధిదారులు. పేజీకొకరా, అందరూ ఒక పేజీలోనా అన్నది ఒక్కటే ప్రశ్న.

రామక్క ముందుకొచ్చింది.

"సార్, కౌన్సిలర్లకేమో మనిషికొక పేజీ, మాకేమో మందకంతా ఒక పేజీ అని బయట అనుకుంటే మీకే బాగుండదు. చుక్కలు గూడా పెట్టియ్యండి."

బయట అనుకుంటారన్న మాట దగ్గర భుజంగరావు గారు కలం తీశారు. ఒక్కొక్కరికి ఒక పేజీ, చుక్కలతో సహా మంజూరు చేయడమైనది.

వారం రోజులు కుళ్ళాయప్ప కూర్చొని పేర్లెక్కించాడు. నూట అరవై నాలుగో పేజీలో ఆఖరి పేరు పెట్టి, కబురు పేజీ ఎక్కించబోతే యంత్రం ఒప్పుకోలేదు. ఫ్లాపీ నిండింది. ఒక్క పేజీ, ఒక్క లైను కూడా పట్టదు. పరుగెత్తి ఆఫీసులో చెప్పాడు. అదే రోజు ఉపసంఘం అత్యవసరంగా కూర్చుంది. ఆ రోజు కుళ్ళాయప్పకు కూడా టీ ఇచ్చారు, పరిస్థితి అంత విషమించింది. రామక్కను లబ్ధిదారుల ప్రతినిధిగా పిలిచారు.

ఏదో ఒక పేజీ తీసేయాలి. ఎంపీ గారిది తీయలేరు, చైర్మన్ గారిది తీయలేరు. కౌన్సిలర్లలో ఒక్కరిని తీసినా మిగతావాళ్ళు బతకనివ్వరు. లబ్ధిదారుల పేర్లు మంజూరై గెజిట్‌లో పడ్డాయి. పీరాన్ సాహెబ్ జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లాగుతూ వచ్చి, నూట అరవై అయిదో దాని దగ్గర ఆపాడు.

"సార్, ఇదొక్కదాంట్లో ఎవరి పేరూ లేదు."

అది నీళ్ళు వదలడమైనది అన్న పేజీ. అందరూ ముందుకు వంగి చూశారు. నిజమే, దాన్ని తీసేస్తే నొచ్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. దానికి ప్రోటోకాల్ లేదు, వార్డు లేదు, పార్టీ లేదు. ఇన్నాళ్ళు నిల్వకు అడ్డంగా ఉన్నది ఇదేనని తేలింది. కుళ్ళాయప్ప నోరు తెరవబోయాడు. బల్ల కింద రామక్క అతని కాలు తొక్కింది, ఆపరేషన్ అయిన వైపు కాకుండా చూసుకొని. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. డిస్కు నిల్వ సామర్థ్యం నూటికి నూరు శాతం వినియోగమైందని కమిషనర్ గారు పై ఆఫీసుకు రాశారు. రాష్ట్రంలో ఇంకే మునిసిపాలిటీ అరవై దాటలేదట.

ఆ తర్వాతి నీళ్ళ రోజున పై ఆఫీసు నుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. హ్యాకర్ల నుంచి ఇంత భద్రంగా ఉన్న బోర్డును కళ్ళారా చూసి పొమ్మని పంపారట. కమిషనర్ గారు ఆయన్ను కుళ్ళాయప్ప షాపుకే తీసుకొచ్చి ముందువరసలో కుర్చీ వేయించారు. తొమ్మిదిన్నరకు తెర మీద ఎంపీ గారు మొదలయ్యారు. కుళ్ళాయప్ప పక్కకు పోయి రామక్కకు ఫోనులో, ఎంపీ గారొచ్చినారని ఒక ముక్క చెప్పి పెట్టేశాడు. మిల్లులో ఆడవాళ్ళ చేతులు కుప్పల మీద ఎప్పుడూ లేనంత వేగంగా ఆడాయి.

అధికారి పేర్లు చూస్తూ కూర్చున్నారు. కౌన్సిలర్లు అయ్యేసరికి రెండు టీలు అయ్యాయి. సుంకులమ్మ పేరు వచ్చినప్పుడు ఆమె వెనకనుంచి లేచి, అది తానేనని అధికారికి నమస్కారం పెట్టింది. ఆయన ప్రతినమస్కారం పెట్టారు. ఆ తర్వాత వచ్చిన పేర్లవాళ్ళెవరూ అక్కడ లేరు. అంతా బైపాస్ రోడ్డు మీద నడుస్తున్నారు. పదకొండు కొట్టింది. ఆఖరి పేరు వచ్చింది, దాని చుక్కలు వచ్చాయి, తెర నిండింది. నడిపెన్న రిజిస్టరులో సంతకం చేసి బయటికి పోయాడు. వీధిలోకి మిల్లు ఆడవాళ్ళు చెమటలు తుడుచుకుంటూ వచ్చి ఎవరి గుమ్మంలోకి వాళ్ళు దూరారు. రామక్కది షాపు పక్కిల్లే. షాపుకూ ఇంటికీ మధ్య అరుగు మీదే ఆమె కుళాయి.

అధికారి లేచి కాళ్ళు సాగదీసుకున్నారు. తెరకేసి ఒకసారి, కమిషనర్ గారికేసి ఒకసారి చూశారు. ఆయన ముఖంలో అనుమానం కదిలింది.

"అంతా బాగుంది భుజంగరావు గారూ. కానీ ఇందులో సమాచారం ఏదండీ?"

భుజంగరావు గారు పీరాన్ సాహెబ్‌ను చూశారు. పీరాన్ సాహెబ్ కుళ్ళాయప్పను చూశాడు. కుళ్ళాయప్ప చూడ్డానికి ఎవరూ లేక అరుగుకేసి చూశాడు. ఆలోచిస్తూ అరుగు మీదికొచ్చి కుళాయికి అడ్డంగా నిలబడ్డ అధికారి కాళ్ళ దగ్గర గొట్టం రెండుసార్లు దగ్గింది. తర్వాత నీళ్ళు భళ్ళున ఆయన బూట్ల మీద పడ్డాయి.

"పక్కకు జరుగు సార్" అంది రామక్క, "బిందె పెట్టుకోవల్ల."